చిరుతమచ్చల బల్లి: అడవిలో, గాజు తొట్టెలో

బల్లి మీద పడితే తలస్నానం చేసి దీపం పెట్టే నేల మనది. ఆ బల్లుల వర్గానికే చెందిన ఒక జీవిని గాజు తొట్టెలో ఉంచి, వెచ్చదనానికి దీపం అమర్చి, కీచురాళ్లు మేపి, పదిహేను ఇరవయ్యేళ్లు సాకే అలవాటు అమెరికా, ఐరోపాల్లో స్థిరపడి ఇప్పుడు మన నగరాల దాకా వచ్చింది. ఆ పెంపకంలో ముందు వరుసలో ఉన్నది లెపర్డ్ గెకో. ఒంటి మీది చుక్కల వల్ల చిరుతమచ్చల బల్లి అనుకోవచ్చు. శాస్త్రనామం యూబ్లెఫారిస్ మాక్యులారియస్.

ఈ జానెడు నిశాచరి చుట్టూ నడుస్తున్న వాదం మాత్రం జానెడుతో ఆగలేదు. పెంచడం తప్పని ఒకరు, పెంచకపోతేనే నష్టమని మరొకరు, ఎలా పెంచాలన్నదే అసలు సమస్యని ఇంకొకరు అంటున్నారు. వాదం ఇంతగా చిక్కుపడడానికి కారణం ఉంది. నిజానికి ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఈ జీవి తొట్టెలో సుఖంగా బతకగలదా? దాన్ని పెంచడం వల్ల అడవికి నష్టమా? ఒక జాతి విషయంలో తేలిన జవాబు దాని బంధు జాతులకూ వర్తిస్తుందా? ఒకదానికి దొరికిన సాక్ష్యాన్ని మరొకదానికి జవాబుగా చూపడం ఈ చర్చలో మామూలైపోయింది. ఇప్పటిదాకా తేలినదేమిటో, తేలనిదేమిటో విడదీసి చూడడం ఈ సమీక్ష పని.

ఏ జీవి గురించి మాట్లాడుతున్నాం

లెపర్డ్ గెకో మన ఇంటి గోడల మీది బల్లికి దూరపు చుట్టం. గోడబల్లి వేళ్ల అడుగున ఉండే అంటుకునే పొరలు దీనికి లేవు. గోళ్లతో రాయి ఎక్కగలదు, నున్నని గాజు ఎక్కలేదు. గోడబల్లికి కదిలే రెప్పలుండవు, నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. దీనికి మూసి తెరిచే రెప్పలున్నాయి. మూతి నుంచి తోక చివరి వరకు 20 నుంచి 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు పసుపు, నలుపు అడ్డపట్టీలుంటాయి. పెరిగేకొద్దీ అవి విడిపోయి చుక్కలవుతాయి. లావుపాటి తోకలో కొవ్వు దాచుకుంటుంది. తిండి దొరకని రోజులకు అదే ఆధారం. శత్రువు పట్టుకుంటే ఆ తోకనే వదిలేసి పారిపోతుంది. కొత్త తోక వస్తుంది కానీ పాత రూపం రాదు.

దీని సహజ నివాసం ఆఫ్ఘనిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతదేశంలోని రాతి గుట్టలు, ఎండు గడ్డి నేలలు. పగలు బండల కింద, బొరియల్లో దాక్కుని, సందె చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. పురుగులు, సాలీళ్లు, తేళ్లు, దొరికితే చిన్న బల్లులు దీని ఆహారం. చలికాలంలో కదలికలు తగ్గించి బొరియలోనే గడుపుతుంది. ఎడారి ఇసుక తిన్నెల జీవిగా దీన్ని ఊహించుకోవడం పొరపాటు. పెంపకంలో దశాబ్దాల పాటు సాగిన ఒక వివాదానికి ఆ ఊహే మూలం. దాని గురించి తర్వాత చూద్దాం.

శాస్త్రం నడిచిన దారి

యూబ్లెఫారిస్ ప్రజాతిని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే 1827లో తూర్పు భారతానికి చెందిన యూబ్లెఫారిస్ హార్డ్‌వికీతో ప్రారంభించాడు. అంటే ఈ ప్రజాతిలో మొదట పేరు పొందింది నేటి పెంపుడు జాతి కాదు, మన తూర్పు వైపు బంధువు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో మాక్యులారియస్‌ను వర్ణించాడు. అందుకు ఆధారమైన నమూనాలు నేటి పాకిస్థాన్‌లోని పంజాబ్ సాల్ట్ రేంజ్ కొండలవి.

ఆ తర్వాత శతాబ్దానికి పైగా ఈ వర్గం మీద పెద్దగా పని జరగలేదు. ఇరాన్, ఇరాక్ ప్రాంతపు జాతికి 1966లో, తుర్క్‌మెనిస్థాన్ జాతికి 1977లో పేర్లు వచ్చాయి. పశ్చిమ భారతంలోని ఫస్కస్‌ను 1981లో మాక్యులారియస్‌కు ఉపజాతిగా వర్ణించి, తర్వాత ప్రత్యేక జాతిగా గుర్తించారు. 2014లో సాత్పురా కొండల నుంచి, 2022లో తూర్పు కనుమల నుంచి మరో రెండు జాతులు చేరాయి.

అదే 2022లో వెలువడిన ఒక విస్తృత డీఎన్ఏ అధ్యయనం చర్చను మలుపు తిప్పింది. ఇషాన్ అగర్వాల్, ఆరోన్ బావర్ తదితరులు 34 చోట్ల సేకరించిన నమూనాలతో పాటు పెంపుడు వ్యాపారం నుంచి తీసుకున్న 48 నమూనాలనూ పోల్చారు. ఈ ప్రజాతిలో ఇప్పటికి గుర్తించిన వాటి కంటే ఎక్కువ జాతులుండవచ్చని, పేరు పెట్టని వంశాలు నాలుగు దాకా కనిపిస్తున్నాయని తేల్చారు. ఇంకో ఫలితం పెంపకానికి సూటిగా సంబంధించినది. వ్యాపారంలోని మాక్యులారియస్ నమూనాలు 30 పరీక్షిస్తే, రంగులు ఎన్ని రకాలుగా ఉన్నా అన్నీ ఒకే జాతివే. వాటిలో పది నమూనాల జన్యు క్రమం కరాచీ దగ్గర అడవిలో దొరికిన బల్లితో సరిగ్గా సరిపోయింది. మిగిలినవీ మధ్య, దక్షిణ పాకిస్థాన్ బల్లులకు దగ్గరివే.

ఈ ఫలితాన్ని రెండు పక్షాలూ తమకు అనుకూలంగా చదువుకున్నాయి. వ్యాపారంలో జాతుల కలగాపులగం జరగలేదు కనుక ప్రయోగశాలలు ధైర్యంగా వాడుకోవచ్చని ఒక వర్గం అంది. ప్రపంచమంతా పెరుగుతున్న బల్లుల పుట్టుక ఒక చిన్న భూభాగానిదేనని, కనుక అవి ఈ ప్రజాతి వైవిధ్యానికి ప్రతినిధులు కాలేవని మరో వర్గం అంది. రెండు మాటల్లోనూ నిజముంది.

అడవి జీవి ఇంటి జీవి ఎలా అయింది

వేలాది బల్లి జాతుల్లో ఇది ఇంతగా ఇళ్లలోకి రావడానికి దాని శరీర ధర్మాలే కారణం. గాజు ఎక్కలేదు కనుక తొట్టె దాటి పారిపోదు. పెద్ద తొట్టె, ఎక్కువ తేమ అక్కర్లేదు. చేతిలోకి తీసుకుంటే సాధారణంగా కరవదు. ఆడబల్లి ఒక్కో ఈతకు రెండేసి మెత్తని గుడ్లు చొప్పున ఒకే కాలంలో పలుమార్లు పెడుతుంది.

గుడ్డు పొదిగే వేడే పిల్ల ఆడో మగో నిర్ణయిస్తుంది. 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు అన్నీ ఆడపిల్లలే. 32, 33 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి. ఇంకా పెంచి 35కు చేరిస్తే మళ్లీ ఆడవే ఎక్కువ. ఒక మగదానికి పలు ఆడవి కావాల్సిన పెంపకందారుకు ఇది చేతిలో ఉన్న మీట. శాస్త్రవేత్తలకూ ఇదే ఆకర్షణ అయింది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్ బృందం పొదిగే వేడి లింగాన్నే కాక పెద్దయ్యాక ఆ బల్లి దూకుడునూ ప్రభావితం చేస్తుందని చూపింది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తోకతో పాటు వెన్నుపాము తిరిగి పెరిగే తీరును ఈ బల్లిలోనే అధ్యయనం చేస్తున్నారు. 2016లో దీని జన్యుపటం వెలువడింది.

1990ల నుంచి మరో మలుపు మొదలైంది. రాన్ ట్రెంపర్ అనే అమెరికన్ పెంపకందారు దగ్గర 1996లో తొలి ఆల్బినో పుట్టాక, అరుదైన రంగుల వేట వ్యాపారంగా మారింది. కొన్నాళ్లకే మరో రెండు స్వతంత్ర ఆల్బినో వంశాలు వచ్చాయి. ఈ రంగుల రకాలను వ్యాపారంలో మార్ఫ్‌లంటారు. అడవి రంగు బల్లి చౌకైపోయి, కొత్త మార్ఫ్ ఖరీదైంది. ఒక రకంగా ఇది అడవికి మేలే చేసింది. కొనేవారు కోరే రంగులు అడవిలో దొరకవు కనుక, అక్కడ పట్టి తేవలసిన అవసరం తగ్గింది.

వాదంలోని నాలుగు పక్షాలు

మొదటిది అడవి పరిరక్షణ పక్షం. వీరి దృష్టి జాతుల మీద, వాటి ఆవాసాల మీద. ఒక జాతిని పెంచడం మొదలైతే దాని బంధువులకు గిరాకీ పుడుతుందని, పెంపకంలో పుట్టిందన్న ముద్ర కింద అడవి జీవులు చేతులు మారతాయని వీరి భయం.

రెండోది జంతు సంక్షేమ పక్షం. బ్రిటన్‌కు చెందిన క్లిఫర్డ్ వార్విక్ వంటి జీవశాస్త్రవేత్తలు దీనికి ముఖ్య గొంతుకలు. సరీసృపం నొప్పిని, ఒత్తిడిని కుక్కలా బయటికి చూపదు. చావకుండా ఉండడాన్ని బాగుండడంగా పొరబడుతున్నామని వీరంటారు.

మూడోది పెంపకందారుల పక్షం. ఇందులోనే రెండు పాయలున్నాయి. పాత పాయ వారిది కనీస ఏర్పాట్ల పద్ధతి. ప్లాస్టిక్ డబ్బా, అడుగున కాగితం, దాక్కోవడానికి ఒక గూడు, కింద వేడి పట్టీ ఉంటే చాలంటారు. శుభ్రం చేయడం, రోగం కనిపెట్టడం తేలికని వారి సమర్థన. కొత్త పాయ వారు రాళ్లు, మట్టి, మొక్కలు, పగటి వెలుగుతో సహజ నివాసానికి దగ్గరగా తొట్టె ఉండాలంటారు.

నాలుగోది పశువైద్యులు, ప్రయోగశాల పరిశోధకులు. ఏ పక్షానికీ కట్టుబడకుండా కొలతలు ముందు పెట్టేది వీరే. గత పాతికేళ్లలో వాదం కొంతైనా ముందుకు కదిలిందంటే ప్రధానంగా వీరి వల్లనే.

నిశాచరికి సూర్యకాంతి ఎందుకు?

ఎక్కువ కాలం నడిచిన వివాదం అతినీలలోహిత కాంతి గురించి. రాత్రి తిరిగే జీవికి సూర్యరశ్మి అక్కర్లేదని, విటమిన్ డీ3 కలిపిన క్యాల్షియం పొడి పురుగులకు పట్టించి తినిపిస్తే చాలని పాత పుస్తకాలు చెప్పాయి. పొడి మాత్రమే వాడి తరతరాలుగా బల్లులను పెంచిన అనుభవం ఆ మాటకు అండగా నిలిచింది.

దీనికి మొదటి గట్టి సవాలు వేరే జాతి నుంచి వచ్చింది. 2000లో మధ్యధరా గోడబల్లి మీద జరిగిన అధ్యయనంలో, పగలు ఎండకాగే ఒక బల్లి కంటే ఈ నిశాచరి చర్మమే తక్కువ యూవీబీ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) కాంతితో విటమిన్ డీని సమర్థంగా తయారు చేస్తుందని తేలింది. రోజంతా ఎండలో ఉండని జీవి దొరికిన కొద్దిపాటి వెలుగునే గట్టిగా వాడుకుంటుందన్నమాట. లెపర్డ్ గెకో మీద నేరుగా జరిగిన పరీక్షలు 2018లో, 2020లో వెలువడ్డాయి. రోజూ కాసేపు యూవీబీ సోకిన బల్లుల రక్తంలో విటమిన్ డీ స్థాయి సోకనివాటి కంటే పెరిగింది. ఈ మధ్యలో 2016లో ఫ్రాన్సిస్ బైన్స్ తదితరులు సరీసృపాలను కాంతి అవసరాన్ని బట్టి నాలుగు మండలాలుగా విభజించిన పట్టిక వచ్చింది. నీడలోనే ఎక్కువగా గడిపే, సందెవేళ తిరిగే జీవులు మొదటి మండలానివి. లెపర్డ్ గెకో వాటిలో ఒకటి.

కనుక ఈ జీవి యూవీబీని వాడుకోగలదన్నది ఇప్పుడు తేలిన విషయం. అది లేకపోతే బతకలేదన్నది మాత్రం తేలలేదు. రక్తంలో విటమిన్ పెరగడం ఆయుష్షును, ఎముకల దారుఢ్యాన్ని జీవితాంతం ఎంత మారుస్తుందో చెప్పాలంటే ఏళ్ల తరబడి పోల్చి చూడాలి. కళ్లలో రంగుపదార్థం లేని ఆల్బినోలు వెలుగుకు తట్టుకోలేవన్న అభ్యంతరం కూడా ఉంది. నీడ పుష్కలంగా ఉంచి, మందమైన యూవీబీ దీపం పెట్టి, ఎంతసేపు సోకనివ్వాలో బల్లికే వదిలేయడం ఇరు పాయలూ ఒప్పుకోదగ్గ మధ్యమార్గం.

రాత్రి దీపాల సంగతి దీనికి అనుబంధం. ఎర్ర బల్బు వెలుగు బల్లికి కనిపించదన్న నమ్మకంతో చాలామంది రాత్రంతా వెలిగించి ఉంచేవారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన లీనా రోత్, అల్ముట్ కెల్బర్ 2004లో ఒక నిశాచర గెకో మసక వెన్నెలలో కూడా రంగులు గుర్తిస్తుందని నిరూపించారు. మనకు అంతా బూడిదరంగుగా తోచే చీకట్లో చూడగల కళ్లకు రాత్రంతా రంగు దీపం పెట్టి ఉంచడం మంచిది కాదన్న అభిప్రాయం ఆ తర్వాత బలపడింది. వెలుగు లేకుండా వేడినిచ్చే పరికరాలు వాడటం పెరిగింది.

ఇసుక వివాదం

ఎడారి జీవి అన్న ఊహతో ఒకప్పుడు తొట్టె నిండా ఇసుక పోసేవారు. తింటే అరిగిపోతుందని చెప్పి క్యాల్షియం ఇసుకను ప్రత్యేకంగా అమ్మారు. ఇసుక మింగి పేగులు పూడుకుపోయిన బల్లులు వైద్యుల దగ్గరికి రావడంతో గాలి అటు నుంచి ఇటు మళ్లింది. వదులుగా ఉండే ఏ పదార్థమూ వద్దు, కాగితమో పలకో మాత్రమే పరచాలన్న నియమం పుస్తకాలకెక్కింది.

ఇప్పుడు కొత్త పాయ ఆ నియమాన్నే ప్రశ్నిస్తోంది. అడవిలో ఈ బల్లి నడిచేది గట్టి మట్టి, రాళ్ల మీద. అక్కడ లేని జబ్బు తొట్టెలో ఎందుకు వస్తోందని వారి వాదన. దీనికి పశువైద్యులిచ్చే వివరణ రెండు పక్షాలనూ కొంత సరిదిద్దుతుంది. వేడి చాలని బల్లికి తిన్నది అరగదు. నీరు చాలని బల్లికి పేగులు కదలవు. క్యాల్షియం లోపించిన బల్లి మట్టిని నాకుతుంది. ఈ మూడు లోపాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఇసుక ప్రాణం తీయవచ్చు. మూడూ లేని ఆరోగ్యమైన బల్లికి గట్టిగా అణిచిన మట్టి, ఇసుక మిశ్రమం వల్ల ముప్పు తక్కువ. కొత్తగా తెచ్చినవాటికి, పిల్లలకు, జబ్బుపడ్డవాటికి కాగితం, నిలదొక్కుకున్నవాటికి మట్టి అన్నది ఈ చర్చలో ఇప్పటికి కుదిరిన రాజీ.

తొట్టెలో వైవిధ్యం అవసరమా అన్న ప్రశ్నకు 2016లో ఒక ప్రయోగం కొంత జవాబిచ్చింది. మెరెడిత్ బషా బృందం లెపర్డ్ గెకోలకు వేడి, ఆహారం, వాసన, వస్తువు, దృశ్యం అనే ఐదు రకాల మార్పులు కల్పించి ప్రవర్తనను గమనించింది. వేడిలో తేడాలు కల్పించినప్పుడు, తిండి కోసం వెతుక్కునేలా చేసినప్పుడు స్పందన గట్టిగా ఉంది. ఖాళీ డబ్బాలో బల్లికి లోటేమీ తెలియదన్న పాత మాటకు ఇది ఎదురు సాక్ష్యం.

రంగు కోసం రోగం

పెంపకందారుల నైతికతకు అసలు పరీక్ష మార్ఫ్‌ల దగ్గర వచ్చింది. ఎనిగ్మా అనే మార్ఫ్‌లో తల ఒరగడం, గుండ్రంగా తిరగడం, వేట గురి తప్పడం వంటి నరాల లక్షణాలు కనిపించాయి. అయినా అందమైన రంగు కోసం దాన్ని పెంచుతూనే వచ్చారు.

లెమన్ ఫ్రాస్ట్ అనే మార్ఫ్ విషయంలో సందేహానికి తావు లేకుండా పోయింది. తెల్లని మెరుపు మీద నిమ్మపసుపు కలిసిన ఈ రకం 2015 ప్రాంతంలో వెలుగులోకి వచ్చింది. కొద్దికాలానికే వాటి చర్మం మీద తెల్లని గడ్డలు లేచాయి. మెరుపు రంగునిచ్చే కణాల నుంచే పుట్టిన కణితులు అవని 2020లో ఒక అధ్యయనం వర్ణించింది. లాంగ్‌హువా గువో, లియోనిడ్ క్రుగ్లియాక్ తదితరుల బృందం 2021లో దీన్ని స్పింట్1 అనే జన్యువుతో ముడిపెట్టింది. ఈ మార్ఫ్ బల్లుల్లో 80 శాతానికి పైగా కణితులు వస్తున్నాయని తెలిపింది. రంగునిచ్చే మార్పే కణితికీ దారి అయినప్పుడు, రోగం లేని లెమన్ ఫ్రాస్ట్‌ను ఎంపిక చేసి సాధిద్దామన్న ఆశకు ఆధారం మిగలదు.

అన్ని మార్ఫ్‌లనూ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. చాలా రంగు రకాలకు ఇలాంటి జబ్బులేమీ బయటపడలేదు. తప్పంతా తెలిసిన రోగాన్ని తెలిసీ కొనసాగించడంలో ఉంది. ఈ ఒక్క విషయంలో సంక్షేమ పక్షం, వైద్యులు, బాధ్యత గల పెంపకందారులు ఒకే మాట మీదకు వచ్చారు.

అడవికి నష్టం ఎంత

మాక్యులారియస్ వరకు చూస్తే వ్యాపారం దాదాపు పెంపకంలో పుట్టినవాటితోనే నడుస్తోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దీన్ని ఆందోళన తక్కువ ఉన్న జాతుల్లో చేర్చింది. ఇక్కడ పెంపకందారుల వాదన బలమైనది.

బంధువుల సంగతి వేరు. ఇదే కుటుంబానికి చెందిన గోనియూరోసారస్ లూయీ అనే గుహ గెకోను 1999లో దక్షిణ చైనా నుంచి వర్ణించారు. ఆ వ్యాసంలోని చిరునామా పట్టుకుని వేటగాళ్లు వెళ్లారు. అది వర్ణించిన చోటనే లేకుండా పోయిందని 2006లో బ్రయాన్ స్టువర్ట్ తదితరులు సైన్స్ పత్రికలో హెచ్చరించారు. శాస్త్ర పత్రమే వేటకు దారి చూపే ప్రమాదముందని తేలాక, కొత్త జాతుల ఖచ్చితమైన స్థలాలు ప్రకటించాలా వద్దా అన్న చర్చ మొదలై నేటికీ సాగుతోంది. గోనియూరోసారస్ ప్రజాతిలోని చైనా, వియత్నాం జాతులకు 2019లో సైటిస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో రక్షణ దొరికింది.

అదే ఏడాది అదే అనుబంధంలో చేరిన మరో నిశాచరి టోకే గెకో. ఈశాన్య భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా కనిపించే ఈ పెద్ద బల్లికి ముప్పు పెంపకం కంటే మందుల వ్యాపారం నుంచి ఎక్కువ. ఎయిడ్స్‌ను, క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న వదంతి 2010 తర్వాత ధరలను ఆకాశానికి ఎక్కించింది. ఆ నమ్మకానికి ఆధారం లేదని ఫిలిప్పీన్స్ ఆరోగ్య శాఖ 2011లో బహిరంగంగా ప్రకటించాల్సి వచ్చింది.

మొత్తం సరీసృపాల వ్యాపారం మీద బెంజమిన్ మార్షల్, కోలిన్ స్ట్రైన్, ఆలిస్ హ్యూజ్ 2020లో ప్రచురించిన లెక్క ఆలోచింపజేస్తుంది. ప్రపంచంలోని సరీసృప జాతుల్లో 35 శాతానికి పైగా, అంటే 3,900 కంటే ఎక్కువ జాతులు ఆన్‌లైన్ వ్యాపారంలో కనిపించాయి. వాటిలో నాలుగింట మూడు వంతుల జాతులకు అంతర్జాతీయ నియంత్రణ లేదు. లెపర్డ్ గెకో విజయగాథ ఈ గుంపులో మినహాయింపే కానీ నియమం కాదు.

తెలుగు నేలకు సంబంధమెంత

ఈ చర్చ మనకు దూరపు ముచ్చట కాదు. జీషాన్ మీర్జా, జ్ఞానేశ్వర్ 2022లో వర్ణించిన యూబ్లెఫారిస్ పిక్టస్‌కు ఆధారమైన చోటు విశాఖపట్నం. అప్పటిదాకా దీన్ని హార్డ్‌వికీగానే లెక్కించేవారు. ఒడిశాలోని బ్రాహ్మణి నదికి దక్షిణాన, ఆంధ్ర ప్రదేశ్ ఉత్తర భాగం దాకా తూర్పు కనుమల్లో ఉండేది వేరే జాతి అని తేలింది. చీకటి పడ్డాక అడవి బాటల వెంట వేటాడే ఈ బల్లి ఈ ప్రజాతిలో తాజాగా పేరు పొందినవాటిలో ఒకటి. దాని సంఖ్య, సంతతి, సంచారం గురించి క్షేత్ర పరిశోధన ఇంకా తొలి దశలోనే ఉంది.

తిరుమల కొండల బంగారు బల్లి మరో ఉదాహరణ. కలోడాక్టిలోడ్స్ ఆరియస్ అనే ఈ రాతి బల్లిని బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ 1870లో వర్ణించాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో దీనికి చోటుంది. పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం.

విదేశీ జీవుల విషయంలో చట్టం ఇటీవలే రూపు దిద్దుకుంది. తమ దగ్గరున్న విదేశీ జీవులను స్వచ్ఛందంగా వెల్లడించాలని కేంద్రం 2020 జూన్‌లో సూచన ఇచ్చింది. 2022 చట్ట సవరణ సైటిస్ జాబితాలకు దేశీయ చట్టంలో స్థానం కల్పించింది. 2024 ఫిబ్రవరి నియమాలు ఆ జాబితాల్లోని ప్రాణులను పెంచేవారు నమోదు చేసుకోవాలని నిర్దేశించాయి. ఆ నియమాలు వచ్చేనాటికి మాక్యులారియస్ సైటిస్ అనుబంధాల్లో లేదు. కాబట్టి వ్యాపారంలో విస్తారంగా ఉన్న జీవే నమోదు బయట మిగిలింది. దిగుమతికి అనుమతులు అవసరమే అయినా, దేశంలో పుట్టిన పిల్ల ఏదో, దొంగదారిన వచ్చిందేదో, వాయవ్య భారతంలో పట్టినదేదో కొనేవాడికి తెలిసే మార్గం లేదు.

పెంపకం పుస్తకాలూ మన వాతావరణానికి రాసినవి కావు. తొట్టెలో ఒక మూల 32 డిగ్రీల చుట్టుపక్కల వేడి, మరో మూల 25 దగ్గర చల్లదనం ఉండాలని అవి చెబుతాయి. చలి దేశాల్లో సమస్య వేడి కల్పించడం. వేసవిలో 42 డిగ్రీలు దాటే మన ఊళ్లలో సమస్య ఆ చల్లని మూలను నిలబెట్టడం.

పక్షాల పోలిక

- పరిరక్షణ పక్షం: బంధు జాతుల విషయంలో సాక్ష్యం గట్టిది. మాక్యులారియస్‌కే వర్తింపజేస్తే బలహీనం.
- సంక్షేమ పక్షం: ఖాళీ డబ్బా పెంపకం మీద, రోగిష్టి మార్ఫ్‌ల మీద విమర్శ నిలిచింది. ఏ పరిస్థితిలోనూ పెంచకూడదన్న వాదనకు ఈ జాతి విషయంలో తగిన ఆధారం లేదు.
- పాత పాయ పెంపకందారులు: శుభ్రత, రోగ నియంత్రణ మీద వారి అనుభవం విలువైనది. కాంతి, వైవిధ్యం అక్కర్లేదన్న మాట వీగిపోయింది.
- కొత్త పాయ పెంపకందారులు: కాంతి, వేడి తేడాలు, వెతుకులాట మీద పరిశోధన వారి వైపే ఉంది. సహజంగా కనిపించే తొట్టె అంతా సహజమేనన్న ధీమాకు మాత్రం ఆధారం లేదు.
- వైద్యులు, పరిశోధకులు: కొలవగలిగినది కొలిచారు. వారి అధ్యయనాలు ఎక్కువగా స్వల్పకాలికం, పెంపకపు బల్లుల మీద జరిగినవి.

ఇంకా తేలనివి

యూవీబీ వల్ల జీవితకాలంలో కలిగే తేడా ఎంత? తరతరాల పెంపకం ఈ జీవి ప్రవర్తనను ఎంత మార్చింది? పేరులేని ఆ నాలుగు వంశాల్లో నిజంగా వేరే జాతులెన్ని? ఇవన్నీ తెరిచి ఉన్న ప్రశ్నలే. వీటన్నిటి వెనక ఒకే లోటు ఉంది. జన్యుపటం చేతికొచ్చిన ఈ బల్లి అడవిలో ఏడాది పొడవునా ఎలా బతుకుతుందో చెప్పే క్షేత్ర అధ్యయనాలు చాలా తక్కువ. తొట్టెలో ఏది సహజమో నిర్ణయించడానికి కావలసిన కొలబద్ద అడవిలో ఉంది. అక్కడికి వెళ్లి కొలిచినవారు కొద్దిమందే.

పరిస్థితిని దేశాలు భిన్నంగా ఎదుర్కొంటున్నాయి. నార్వే 1977లో సరీసృపాల పెంపకాన్ని నిషేధించి, 2017లో 19 జాతులకు మాత్రమే తలుపు తెరిచింది. బెల్జియంలోని ఫ్లాండర్స్ కూడా అనుమతించిన జాతుల పట్టిక పద్ధతికే మారింది. నిషేధించినవి తప్ప అన్నీ పెంచుకోవచ్చనే పద్ధతికి ఇది వ్యతిరేకం. ఏది మేలో చెప్పడానికి మనకు ఇంకా కొంత కాలం పడుతుంది. కొనే ప్రతి జీవి పుట్టుక తెలిసేలా చేయడం మాత్రం రెండింటిలోనూ తప్పనిసరి.

మొదట వేసుకున్న మూడు ప్రశ్నలకు జవాబులు వేర్వేరుగానే చెప్పాలి. సరైన వేడి, కాంతి, దాగే చోటు, క్యాల్షియం, పదిహేనేళ్ల ఓపిక ఉన్న ఇంట్లో, పెంపకంలో పుట్టిన లెపర్డ్ గెకో బాగానే బతకగలదు. దాని పెంపకం వల్ల అడవిలోని ఆ జాతికి ఇప్పుడు పెద్ద ముప్పు లేదు. ఈ రెండు మాటలూ ఆ ఒక్క జాతికే చెల్లుతాయి. విశాఖ కొండల పిక్టస్‌కు, తిరుమల బంగారు బల్లికి వాటిలో ఏదీ వర్తించదు. కొనేవారు పుట్టుక పత్రం అడగాలి, లెమన్ ఫ్రాస్ట్, ఎనిగ్మా వంటి మార్ఫ్‌లను నిరాకరించాలి. ప్రభుత్వం సైటిస్ జాబితాలో లేని విదేశీ సరీసృపాలనూ నమోదు పరిధిలోకి తేవాలి. తూర్పు కనుమల బల్లులను వ్యాపారం వెతుక్కుంటూ రాకముందే మన విశ్వవిద్యాలయాలు, అటవీ శాఖ వాటి క్షేత్ర అధ్యయనం చేపట్టాలి.